వదిన కార్డులో నాడి

“నీ మొహాన కొట్టడానికే వెతికి తీశాను, ఇదిగో!” అంటూ అన్న ఆ కార్డును నిజంగానే నా మీదికి విసిరాడు.

అట్టముక్క ఎంత దూరం పోతుంది? నా కాళ్ల దగ్గరే పడింది. వంగి తీసుకున్నాను. పైన వదిన పేరు, వయసు నలభై ఒకటి, ఇంటి నంబరు పద్దెనిమిది. కింద ఎనిమిది వారాల గళ్లు. ఎనిమిదీ నిండి ఉన్నాయి.

“చదువు. గట్టిగా చదువు, అమ్మ కూడా వింటుంది.”

“ఇప్పుడెందుకన్నా?”

“ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు? అది లాండ్రీలో కుప్పకూలి నాలుగు రోజులైంది. కుడిచెయ్యి లేవట్లేదు, మూతి పక్కకి పోయింది, నన్ను పిలవడానికి నోరు తిరగట్లేదు. తలలో నరం చిట్లింది, బీపీ వల్లేనన్నాడు డాక్టరు. మీవాళ్లేమో వారం వారం ఇంటికొచ్చి ‘బాగుంది’, ‘బాగుంది’ అని రాసి పోయారు! ఏం బాగుందే? ఎక్కడ బాగుంది?”

అన్న లిఫ్టులు బాగుచేసే మెకానిక్. గట్టిగా ఒక మాట అనని మనిషని వాళ్ల కంపెనీలో పేరు. అలాంటివాడు నాలుగు రోజులుగా నేను కనబడితే చాలు, ఒంటికాలి మీద లేస్తున్నాడు. ఆస్పత్రి వరండాలో లేచాడు, మందుల షాపు ముందు లేచాడు, ఇవాళ పొద్దున్నే ఇంట్లో లేచాడు. నాకు నోరు లేదా అంటే, మా ఇంట్లో అందరూ జడిసేది నా నోటికే. కానీ ఈ నాలుగు రోజులూ నేను కిక్కురుమనలేదు. ఏమని అంటాను? అడిగేవాడిది న్యాయమే అనిపిస్తుంటే ఎంత నోరున్నా దేనికి?

“పైగా బీపీ మాత్ర ఇస్తే పళ్లు బిగపట్టేస్తోంది,” అన్నాడు. గొంతు కాస్త తగ్గింది. “నిన్నటి నుంచీ ఒక్కటే మాట, ‘కార్డు, కార్డు’ అని. కార్డులో బీపీ లేదని ఉంది కదా, లేని రోగానికి మందు ఎందుకని దాని పంతం. ఆ నర్సు గంట బతిమాలింది. ఈ పూట కూడా మాత్ర దిగకపోతే ఇంకో నరం పోతుందట. అప్పుడింక మనిషే దక్కదట.”

ఆ మాట అనేసి తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్లిపోయాడు. తలుపు దభీమని పడింది.

లాండ్రీల వెనక మూడు వీధులున్నాయి. అక్కడి ఆడవాళ్లు పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా ఆవిరిలో నిలబడి హోటళ్ల దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేస్తారు. ఆస్పత్రికి వెళితే ఒక రోజు పని పోతుంది, అందుకని పడిపోయేదాకా వెళ్లరు. అలాంటివాళ్ల ఇంటికే వారానికోసారి నర్సు వెళ్లి, బీపీ చూసి, ఎక్కువున్నవాళ్లని మందుల దాకా చేరిస్తే ఎంత మేలు జరుగుతుందన్నది నా పరిశోధన. దాని అనుమతుల కోసం మూడేళ్లు కాళ్లరిగేలా తిరిగాను. నేను పుట్టి పెరిగింది ఆ వీధిలోనే. మా అమ్మ పాతికేళ్లు ఆ ఆవిరిలోనే నిలబడింది. తర్వాత ఆ ఇస్త్రీ బల్ల దగ్గరికే వదిన వెళ్లింది.

సొంతవాళ్ల బీపీ నేను చూడకూడదని నియమం. మా ఇంటికి పిట్ట వెళ్లేది. పిట్ట అంటే నా దగ్గర కొత్తగా చేరిన నర్సు, మనిషి గుప్పెడు, మాటలు గంపెడు. నేను ఆదివారాలు మాత్రం క్వార్టర్స్ నుంచి వచ్చి, వదిన పెట్టింది తిని, దాంతో నాలుగు జోకులు వేసుకుని పోయేదాన్ని. నా సంచిలో బీపీ మిషను ఉండేది. ఒక్క ఆదివారం కూడా బయటికి తియ్యలేదు. నియమం నియమమే కదా అని నా గొప్ప.

కార్డు మళ్లీ చూశాను. నూటపద్దెనిమిది, డెబ్బై ఆరు. నూట ఇరవై, డెబ్బై ఎనిమిది. ఎనిమిది వారాలూ ఇదే వరస. ఆస్పత్రికి తెచ్చిన రోజు వదినకి రెండొందల ఇరవై ఉంది. పెరగకూడదని కాదు, కానీ మరీ ఇంతలోనా?

పక్కన నాడి గడి చూశాను. యాభై నాలుగు. యాభై ఆరు. యాభై నాలుగు.

కార్డును కిటికీ వెలుగులోకి జరిపి మళ్లీ చదివాను.

వదిన నాడి అంత నెమ్మదిగా కొట్టుకోదు. పరుగులు పెడుతూ బతికే మనిషి, కూర్చున్నా డెబ్బై ఎనభైకి తగ్గదు. యాభై నాలుగు ఎవరిదో నాకు తెలుసు. నర్సింగు చదివేటప్పుడు నేను నాడి చూడడం నేర్చుకుందే ఆ మణికట్టు మీద. ‘కొంప కాలిపోతున్నా నీ గుండెకి తొందర లేదమ్మా’ అని ఎన్నిసార్లు ఏడిపించానో!

వెంటనే పిట్టకి ఫోన్ చేశాను.

“పద్దెనిమిదో నంబరు ఇంట్లో నువ్వు ఎవరి చేతికి బీపీ పట్టీ కట్టావే?”

“మీ వదినగారికే అక్కా.”

“ఎలా ఉంటుంది మా వదిన?”

“సన్నగా ఉంటారు... జుట్టు బాగా నెరిసింది... కొంచెం వంగి నడుస్తారు...”

“కార్డులో నలభై ఒకటని రాసుంది. నీ కళ్లు ఎక్కడున్నాయి?”

“మొదటివారం అడిగానక్కా, మీరేనా అని. తలూపారు. ఆ వీధిలో అందరూ వయసుకి మించి ముసలివాళ్లలాగే ఉంటారు కదా, నాకేం అనుమానం రాలేదు. ఏమైందక్కా? నేనేం చేశాను?”

పిట్ట ఏడుపు మొదలుపెట్టింది. తిట్టాలని నోరు తెరిచాను కానీ తిట్టు రాలేదు. ఇళ్లకి వెళ్లాల్సిన వేళలు ‘ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు’ అని రాసింది ఎవరు? నేనే. ఆ వేళకి లాండ్రీ ఆడవాళ్లు ఎవరూ ఇంట్లో ఉండరని తెలియనిదాన్నా? పాతికేళ్లు అమ్మ కోసం సాయంత్రం ఆరింటికి గుమ్మంలో కూర్చున్నదాన్ని. కానీ ఆఫీసు జీపు పదింటికి గానీ కదలదు, నాలుగున్నరకి షెడ్డులో ఉండాలి. జీపు వేళే నా వేళ అయిపోయింది. ఇల్లు తాళం వేసి ఉంటే ఫిర్యాదు వచ్చేది. ఎవరో ఒకరు చెయ్యి చాపుతుంటే ఇంకేం తెలుస్తుంది?

వంటగదిలోకి వెళ్లాను. అమ్మ తళతళలాడుతున్న గిన్నెనే మళ్లీ తోముతోంది.

“అమ్మా, చెయ్యి ఇలా ఇవ్వు.”

తడిచెయ్యి తుడుచుకుని ఇచ్చింది. మణికట్టు పట్టుకుని గోడ గడియారం చూస్తూ నిమిషం లెక్కపెట్టాను. లెక్క పూర్తయ్యేలోపే అమ్మకి అర్థమైపోయింది. యాభై నాలుగు దగ్గర ఆగాను.

“ఎన్ని వారాలు?” అన్నాను.

“అన్నీ,” అంది.

“అమ్మా!”

“అరవకు. మీ అన్న వింటాడు.” గిన్నె పక్కన పెట్టింది. “ఆ పిల్ల మొదటిరోజు వచ్చేసరికి కోడలు పనికి పోయింది. పాపం ఎండనపడి చెమటలు కక్కుతూ వచ్చింది. లేదు పొమ్మంటే గడి ఖాళీ. నువ్వే అన్నావు ఫోన్లో, ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆ ఇంటిని లెక్కలోంచి తీసేస్తారని. సొంతవాళ్ల ఇల్లే తీసేస్తే నీకు ఎంత తలవంపులు?”

“అందుకని నీ చెయ్యి ఇచ్చావా?”

“చెయ్యి ఏదైనా చెయ్యే కదా అనుకున్నాను. నాకేం తెలుసు, నీ అంత చదువుకున్నానా? ఎన్ని గళ్లు నిండితే నీకు అంత మంచిదనుకున్నాను.”

నేను పీట మీద కూలబడ్డాను. అమ్మ కూడా పక్కనే కూర్చుంది. నీళ్ల పంపు ఒక్కటే కారుతోంది.

“మన ఇంట్లోనే అనుకుంటున్నావా?” అంది అమ్మ చివరికి. “పదహారులో అత్తగారు. ఇరవైలో ఆ టైలరు తల్లి. మూలింట్లో అయితే ఆడబిడ్డ. ఎవరు ఇంట్లో ఉంటే వాళ్లు. ‘మన వీధి పిల్ల పెద్ద చదువు చదువుతోంది, మనవల్ల దాని పని ఆగకూడదు’ అని ఒకరికొకరం చెప్పుకున్నాం. అంతా నీ మీద ప్రేమకొద్దీనే తల్లీ.”

నాకు ఏడుపు ఆగలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోను? పోయిన నెల మీటింగులో లేచి నిలబడి, ‘ఈ వీధుల్లో మేము అనుకున్నంత బీపీ లేదు’ అని చెప్పొచ్చాను నేను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు కొట్టే వేళకి మా వదిన ఇస్త్రీ బల్ల దగ్గర తల పట్టుకుని నిలబడి ఉంటుంది.

“అమ్మని ఏమీ అనకు.”

తలెత్తి చూస్తే గుమ్మంలో అన్న. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

“అమ్మకి అంత తెలివి లేదు. చెయ్యి ఇవ్వమని చెప్పింది నేనే.”

“ఒరేయ్, ఊరుకోరా,” అంది అమ్మ.

“ఎంతసేపు ఊరుకోనమ్మా? నాలుగు రోజులుగా నేను దీన్ని నానా మాటలూ అంటుంటే నువ్వు నోరు మూసుకుని కూర్చున్నావు నా కోసం. నాకు సిగ్గుగా ఉంది.” అన్న తలుపుచెక్కకి ఆనుకున్నాడు. “మొదటివారం అమ్మ అడిగింది, కోడలు లేదు, ఆ పిల్లకి ఏం చెప్పమంటావని. డ్యూటీలో ఉన్నాను. ‘నువ్వే ఇచ్చెయ్యమ్మా, ఎవరు చూడొచ్చారు’ అన్నాను. అంతే. తర్వాత అదే అలవాటైపోయింది.”

“వదినకి తెలుసా?”

అన్న తువ్వాలు కొస మెలిపెడుతున్నాడు.

“అన్నా, నిన్నే. వదినకి తెలుసా?”

“నీ బదులు అమ్మ చెయ్యి ఇస్తోందని ఎలా చెబుతాను? ఏమీ చెప్పలేదు. ‘నర్సు వచ్చింది, నీ కార్డు రాసిపోయింది’ అన్నాను. ‘నేను లేకుండా ఎలా రాసింది’ అని ఒకసారి అడిగింది. ‘నీ పేరూ వయసూ నమోదు చేసుకున్నారు కదా, దాన్నిబట్టి లెక్క కడతారు, అంతా మిషన్ల మహిమ’ అన్నాను. నవ్వింది. నేను చెబితే నమ్మదా?”

“తలనొప్పి అనలేదా నీతో?”

ఆ ప్రశ్నకి మా అన్న మొహం చూడలేకపోయాను.

“నెలరోజులుగా అంటోంది,” అన్నాడు. “మెడ నరాలు లాగుతున్నాయంది. కళ్లు తిరుగుతున్నాయంది. ఒకరోజు సెలవు పెట్టి ఆస్పత్రికి పోతానంది. నేను కార్డు తీసి చూపించాను. ‘చూడవే, పదహారేళ్ల పిల్లలా ఉంది నీ బీపీ, వట్టి అలసటే’ అన్నాను.”

“అది అమ్మదని నీకు తెలుసు కదా!”

“తెలుసు. తెలిసీ అన్నాను. వారం వారం దాని పేరు కింద ‘బాగుంది’ అని చూస్తుంటే అది దానిదేననిపించిందే. రాసి ఉంది కదా. నర్సులు రాసింది. మా చెల్లెలి కాగితం మీద రాసింది.”

అక్కడే కింద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అమ్మ లేచి వెళ్లి తువ్వాలుతో వాడి తల తుడిచింది. నేను వెళ్లలేదు. జాలి లేక కాదు. వదిన గొంతు చెవుల్లో మోగుతోంది. ఆఖరి ఆదివారం నాతో అంది, ‘నా బీపీ చూసి మీ పిట్ట కుళ్లుకుంటోందట కదా’ అని. నేను కూడా నవ్వాను.

*

మధ్యాహ్నం పెద్ద మేడంకి ఫోన్ చేశాను. పరిశోధనకి ఆవిడే పెద్ద దిక్కు. నేను చెప్పిందంతా విన్నారు.

“ఎన్ని కార్డులు?” అన్నారు.

“ఆ వీధిలో సగం పైనే ఉంటాయి మేడం. మిగతా రెండు వీధుల సంగతి తెలియదు.”

“మూడేళ్ల పని అమ్మా.”

“పని పోతే పోయింది మేడం. ఎవరి బీపీ ఎంతో తెలియకుండా ఆ ఆడవాళ్లంతా ఈ క్షణం ఆవిరిలో నిలబడి ఉన్నారు. ‘బాగుంది’ అని రాసిన కార్డు ఇంట్లో పెట్టుకుని ఉన్నారు. ఇవాళ ఆరింటికి లాండ్రీ గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చుంటాను. జీపు ఇవ్వకపోయినా ఫర్వాలేదు.”

“రాతపూర్వకంగా పంపు,” అన్నారు. తర్వాత, “పిట్టని కూడా తీసుకెళ్లు,” అన్నారు.

ఫోన్ పెట్టేసరికి అన్న చొక్కా తొడుక్కుని నిలబడి ఉన్నాడు. కళ్లు వాచి ఉన్నాయి.

“ఆస్పత్రికి పోదాం. నాలుగింటికి వదులుతారు లోపలికి. నువ్వు చెబితేనే అది మాత్ర వేసుకుంటుంది. మిషను పాడైపోయిందని చెప్పు.”

“ఏంటి?”

“ఆ మిషను తప్పు చూపించింది, నీకు బీపీ ముందు నుంచీ ఉంది అని చెప్పు. ఒక్క అబద్ధం. మాత్ర వేసుకుంటుంది, బతుకుతుంది. అమ్మ పేరు రాదు.”

“అన్నా, మిషను తప్పంటే రేపు ఆ వీధిలో ఒక్కతి కూడా నా ముందు చెయ్యి చాపదు.”

“నా పెళ్లాం కంటే నీకు వీధి ఎక్కువా?” మళ్లీ గొంతు లేచింది, వెంటనే పడిపోయింది. “చెల్లీ, ఆలోచించు. రేపు అది ఇంటికొస్తే మంచం మీంచి లేపేదెవరు? ఒళ్లు తుడిచేదెవరు? అమ్మే కదా. నిజం తెలిస్తే దగ్గరికి రానిస్తుందా? నన్ను రానిస్తుందా? అది మా ఇద్దరి చేతుల మీదే బతకాలే.”

అమ్మ ఒక మూల నిలబడి ఫ్లాస్కులో టీ పోస్తోంది. మా మాటలు వింటూనే ఉంది. మూత బిగించి, “పదండి,” అంది.

*

వార్డులో కిటికీ పక్క మంచం వదినది. తలగడలు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టారు. నన్ను చూసి నవ్వింది. నవ్వు సగం మొహానికే వచ్చింది. నా ముప్పై రెండేళ్లలో అంత కష్టమైన నవ్వు చూడలేదు. నేను మొహం తిప్పుకుని సంచి సర్దుతున్నట్టు నటించాను.

వార్డు నర్సు చిన్న కప్పులో మాత్ర తెచ్చి నా చేతిలో పెట్టింది. “మీరే చెప్పండి సిస్టర్, మా మాట వినట్లేదు.”

“వదినా, మాత్ర వేసుకో.”

తల అడ్డంగా ఊపింది. ఎడమచేత్తో గాలిలో చిన్న చదరం గీసింది. “కా...ర్డు,” అంది. తర్వాత ఎంతో కష్టపడి, “బా...గుంది.”

ఆ రెండు మాటలకే ఆమెకి ఆయాసం వచ్చింది. చెంప మీద చొంగ కారితే సిగ్గుపడి తనే తుడుచుకుంది. ఆ సిగ్గు నేను భరించలేకపోయాను.

అన్న మంచానికి అవతల పక్క నిలబడి నన్నే చూస్తున్నాడు. మిషను, మిషను అని అంటున్నాయి వాడి కళ్లు. నా నాలుక మీదికి కూడా వచ్చింది ఆ మాట. వదినా, మిషను పాడైపోయింది. చిన్న మాట. ఎవరికీ ఏమీ కాదు. ఇంట్లో అందరం కలిసి బతికేస్తాం.

“వదినా,” అన్నాను, “ఆ కార్డులో ఉన్న బీపీ...”

ఆగిపోయాను. ఆమె కళ్లు నా నోటినే చూస్తున్నాయి. నేను ఏది చెబితే అది నమ్మే కళ్లు. నెలరోజులుగా ఒళ్లు అరిచి చెబుతున్నదాన్ని కాదని మా మాటే నమ్మింది. ఇంకోసారి ఆ నమ్మకంతో ఆడుకోవడం నావల్ల కాలేదు.

“ఆ కార్డులో ఉన్నది నీ బీపీ కాదు వదినా. నీకు ఎవరూ చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు. నీ తలనొప్పి నిజమే. నువ్వు చెప్పిందే నిజం.”

“చెల్లీ!” అన్నాడు అన్న.

వదిన ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత మెల్లగా అన్న వైపు తిరిగింది. వాడు తలదించుకున్నాడు. మళ్లీ నా వైపు చూసింది. పెదాలు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి. నాలుగు రోజుల్లో మొదటిసారి ఒక మాట ఎక్కడా తడబడకుండా వచ్చింది.

“ఎవరిది?”

నేనూ అన్నా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. “నేనే...” అని అన్న గొంతు సవరించుకుంటుండగా, మంచం చివర నిలబడ్డ అమ్మ ఫ్లాస్కు కింద పెట్టింది. మా ఇద్దరినీ దాటుకుని వదిన పక్కకి వచ్చింది. రవిక చెయ్యి మోచేతి పైదాకా మడిచి, ఎముకల మీద వేలాడుతున్న చర్మంతో ఉన్న ఆ చెయ్యిని కోడలి ఒళ్లో పెట్టింది.

“నాది తల్లీ,” అంది.

వదిన ఆ చెయ్యి వైపు చూస్తూ ఉండిపోయింది. పట్టుకోలేదు, తోసెయ్యలేదు. మాత్ర ఇంకా నా అరచేతిలోనే ఉంది.